రహీం సాబ్ ఎవరిని ఎంచుకున్నారు?

సాయంత్రం ఆరు గంటలు. కోడుమూరు బస్టాండ్ దగ్గర ఏదో ఒక టీ అంగడి. బెంచీ మీద నలుగురు, ఆపిన బైక్ మీద ఇద్దరు. ఒక చేతిలో ఉగ్గాని పొట్లం, ఇంకో చేతిలో ఫోన్. ఆ రోజు ఏదో ఒక లీగ్‌కు ఆటగాళ్ల ఎంపిక జరిగి ఉంటుంది. ఇక చూడండి! అంతమంది ఉండగా మన జట్టు అందరికంటే ముందు ఆ పిల్లోణ్నే ఎందుకు తీసుకుందని ఒకరు. ఆ డబ్బంతా హంద్రీలో పోసినట్టేనని ఇంకొకరు. రెండేళ్లు ఆగండప్పా, వాడే స్టార్ అవుతాడని మూడో ఆయన. టీ చల్లారుతుంది గానీ వాదన చల్లారదు.

మీరూ ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లే కదా! తప్పేం లేదు. ప్రపంచమంతటా ఇదే తంతు. అమెరికాలో వాళ్ల ఫుట్‌బాల్ లీగ్ 1936 నుంచి ఏటా డ్రాఫ్ట్ నడుపుతోంది. వేలంలో లాగా పాట పెంచుకోవడం అక్కడ ఉండదు, వంతులు ఉంటాయి. కిందటి ఏడాది అట్టడుగున నిలిచిన జట్టుది మొదటి వంతు. ఆ మొదటి రౌండులో పిలిచే ఒక్కో పేరు మీద అభిమానులు నెలల తరబడి కొట్టుకుంటారు. మన దగ్గర ఇండియన్ సూపర్ లీగ్‌కు 2017లో జరిగిన డ్రాఫ్ట్‌లో జంషెడ్‌పూర్ జట్టు మొట్టమొదట పిలిచిన పేరు కేరళ డిఫెండర్ అనాస్ ఎడతొడికది. గోల్ కొట్టేవాణ్ని వదిలేసి ఆపేవాణ్ని పిలిచింది. టీ అంగడి వాదనకు అంతకంటే ఏం కావాలి?

అయితే ఒక మాట. ఎవరో ఒకరిని ఎంచుకోవాల్సిన కుర్చీలో మీరెప్పుడైనా కూర్చున్నారా? లేదంటే, పేర్లు చదువుతుంటే మీ పేరు వస్తుందేమోనని వరుసలో నిలబడ్డారా? జిల్లా జట్టు సెలక్షన్ కావచ్చు, పోలీసు ఉద్యోగానికి దేహదారుఢ్య పరీక్ష కావచ్చు, కాలేజీలో క్యాంపస్ ఇంటర్వ్యూ కావచ్చు. అక్కడ వాదన తమాషాగా ఉండదు. కడుపులో తిప్పేస్తుంది. అలాంటి ఎంపికలు పదమూడేళ్లు చేసిన ఒక మనిషి కథ ఇది. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ వాళ్లకు రహీం సాబ్.

బడి పంతులు మొదలుపెట్టిన ఆట

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పటికి అది నిజాం రాజ్యం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు, ఆ జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. డిగ్రీ చేతికొచ్చాక ఏం చేశారనుకుంటున్నారు? మన ఇళ్లలో ఇప్పటికీ చెప్పే పనే. టీచర్ అయ్యారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ ప్రాంతాల బడుల్లో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆయన పేరున్న స్టార్ ఆటగాడేం కాదు. ఆడినంత కాలం మంచి ఆటగాడు, అంతే. ఆయనకు నిజంగా అబ్బిన విద్య ఇంకొకటుంది. ముందున్న పిల్లవాడిలో ఇవాళ కనబడేదాన్ని కాకుండా, రేపు ఏం రాబట్టవచ్చో చూడటం. అది బడిలో అలవడిన చూపు. నలభై మంది పిల్లలున్న తరగతిలో ఎవడు ఏ పనికి పనికొస్తాడో మంచి పంతులుకు తెలిసిపోతుంది కదా!

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు కోచ్‌గానూ పనిచేశారు. అప్పట్లో దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ పేర్లే అందరి నోళ్లలో ఉండేవి. అలాంటి రోజుల్లో ఈ పోలీసు జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు గెలిచింది. ఢిల్లీలో డ్యూరాండ్ కప్‌ కూడా ఎత్తింది. ఆ ఐదేళ్లలో చివరి రెండేళ్లు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. మన జిల్లా మీద రాజకీయ సందడి ఎక్కువగా ఉన్న రోజుల్లోనే, తుంగభద్ర అవతల ఇంకో రాజ్యంలో ఈ సందడి నడుస్తోందన్నమాట.

ఆయన తరగతి గది ఎలా ఉండేది?

మైదానంలోనూ ఆయన పంతులే. కుడి కాలితో బాగా తన్నేవాడికి ఎడమ కాలి పోటీ పెట్టేవారు. బలహీనమైన కాలితోనే ఆడాలి, అదే నిబంధన. బంతిని కాళ్ల మధ్య తిప్పుతూ ఒక్కడే పరిగెత్తే షోకు మాన్పించడానికి, డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు నడిపారు. బంతి వచ్చిందా, ఒక్క తాకుతో పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇప్పుడు మీరు యూట్యూబ్‌లో యూరప్ క్లబ్బుల ప్రాక్టీసు చూసి ఆహా అనుకునేదే ఇది. ఆయన హైదరాబాద్ మట్టి మైదానాల్లో చేయించారు.

ఎందుకింత పట్టుదల? ఆయన లెక్క ఇది. జట్టులో పదకొండు మంది గొప్పవాళ్లుంటే చాలదు. ఒకడు ఖాళీ చేసిన చోటులోకి ఇంకొకడు వెళ్లగలగాలి. రెండు కాళ్లతో ఆడగలిగి, బంతిని వదలగలిగి, చోటు మారగలిగినవాడే ఆ లెక్కకు సరిపోతాడు. ఆయన ఎంపికలు బయటివాళ్లకు వింతగా అనిపించడానికి కారణం ఇక్కడే ఉంది. చూసేవాళ్లు ఆటగాణ్ని చూస్తారు. ఆయన ఖాళీని చూసేవారు.

1950లో భారత జట్టు కోచ్ బాధ్యత ఆయన చేతికొచ్చింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి మనవాళ్లు స్వర్ణం గెలిచారు. ఆ మరుసటి ఏడాదే దెబ్బ తగిలింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాం. ఆ చలిదేశంలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. వట్టి కాళ్లతో ఆడటమే మన గొప్ప అనుకునే రోజులవి. ఆ ఓటమి తర్వాత దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు.

పది గోల్స్ తిన్న జట్టు కోచ్‌ను మన బెంచీ మీదివాళ్లు ఏమనేవారో ఊహించుకోండి. ఆయన మాత్రం తిరిగొచ్చి మళ్లీ ఆటగాళ్లను వెతకడం మొదలుపెట్టారు.

మొదటి ఎంపిక: అద్దె సైకిల్ మీద వచ్చినవాడు

సికింద్రాబాద్ శివార్లలో అమ్ముగూడ. మిలిటరీ వాళ్ల మధ్య పెరిగిన ఊరు. అక్కడ ఓ పేద తమిళ కుటుంబంలో పిల్లవాడు తులసీదాస్ బలరాం. బూట్లు కొనే స్థోమత లేదు. పోలీసులు వాడి పారేసిన బూట్ల తోలుతో చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఆట బూట్లు కుట్టించుకున్నాడు. చుట్టుపక్కల చిన్న క్లబ్బులకు ఆడేవాడు. రాష్ట్ర జట్టు సెలక్షన్ జాబితాలో అతని పేరు ఎక్కడా లేదు.

ఒక మ్యాచ్‌లో అతని ఆట రహీం సాబ్ కంట్లో పడింది. సంతోష్ ట్రోఫీ కోసం హైదరాబాద్ జట్టు ఎంపికలకు రమ్మన్నారు. చెబితే నవ్వొస్తుంది గానీ అసలు చిక్కు ఆట దగ్గర రాలేదు, దారి ఖర్చు దగ్గర వచ్చింది. సికింద్రాబాద్ శివారు నుంచి హైదరాబాద్ మైదానానికి రోజూ రావడానికి అతని దగ్గర డబ్బుల్లేవు. అప్పుడు రహీం సాబ్ సైకిల్ అద్దెకు డబ్బులిచ్చారు. అద్దె సైకిల్ మీద వచ్చి ఆడిన ఆ కుర్రాడు జట్టులోకి వచ్చాడు. 1956లో ఇరవయ్యేళ్ల వయసుకే ఒలింపిక్స్‌కు వెళ్లాడు.

కోడుమూరు నుంచి కర్నూలు సెలక్షన్‌కు బస్సెక్కే ముందు ఛార్జీ డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టుకున్నవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ప్రతిభ చాలాసార్లు మైదానంలో ఓడిపోదు, మైదానం దాకా రాలేక ఓడిపోతుంది. ఎంపిక చేసేవాడి పని పేర్లలో టిక్కు పెట్టడంతో అయిపోదని ఆయన ఎక్కడా రాసి పెట్టలేదు. చేసి చూపించారు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కోడుమూరు, హైదరాబాద్ ఒకే రాష్ట్రం అయ్యాయి. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబరు 1న, మెల్‌బోర్న్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. ఆ తర్వాత యుగోస్లావియా చేతిలో, కాంస్యం పోటీలో బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో హైదరాబాద్ కుర్రాళ్లు పలువురున్నారు.

రెండో ఎంపిక: సొంత కొడుకు

ఇది అన్నిటికంటే కష్టమైన ఎంపిక. అందుకే దీని గురించి తక్కువ మాట్లాడుకుంటారు.

రహీం సాబ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీం. తండ్రి చేతుల మీద పెరిగిన మిడ్‌ఫీల్డర్. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో అతనూ ఉన్నాడు. కోచ్ తండ్రి. మన ఊళ్లో అయితే ఏమంటారు? ఇంకేముంది, వాళ్ల నాయన చేతిలో పనే కదా అంటారు. కొడుకును తీసుకెళ్తే ఒక మాట, తీసుకెళ్లకపోతే ఇంకో మాట.

రోమ్‌లో భారత్ మూడు మ్యాచులు ఆడింది. హంగరీ చేతిలో 2-1తో ఓడింది. ఫ్రాన్స్‌తో 1-1తో సమంగా నిలిచింది. పెరూ చేతిలో 3-1తో ఓడింది. ఈ మూడింటిలో ఒక్కదాంట్లో కూడా హకీం మైదానంలోకి దిగలేదు. ఒలింపిక్స్ దాకా వెళ్లి, బయట కూర్చుని చూసి, తిరిగొచ్చాడు. అద్దె సైకిల్ కుర్రాడు బలరాం మాత్రం హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టాడు.

ఆ రాత్రులు తండ్రీకొడుకులు ఏం మాట్లాడుకున్నారన్నది వాళ్లిద్దరి సంగతి. మనకు మిగిలింది స్కోరు పట్టిక. అందులో కొడుకు పేరు లేదు. ఇక హకీం జీవితం అక్కడితో ఆగిపోయిందా అంటే, లేదు. భారత వైమానిక దళంలో ఉద్యోగం చేశారు, అంతర్జాతీయ రిఫరీ అయ్యారు, కోచ్ అయ్యారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు. 2021లో కన్నుమూసే వరకూ ఆయన బతుకు ఫుట్‌బాల్‌తోనే. పదకొండు మందిలో లేనివాడికి ఆటలో చోటే లేదనుకుంటే పొరపాటని ఆయన జీవితమే చెబుతుంది.

మూడో ఎంపిక: కట్టు కట్టిన తల, జ్వరం తగ్గిన ఒళ్లు

1962, జకార్తా. నాలుగో ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో గెలిచాం గానీ, ఆ మ్యాచ్‌లో డిఫెన్స్‌కు గుండెకాయ లాంటి జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. జపాన్‌ను 2-0తో దాటాం. గోల్ కీపర్ పీటర్ తంగరాజ్‌కు ఫ్లూ. అతని స్థానంలో ప్రద్యుత్ బర్మన్ గోల్ కాచి, బాగానే ఆడాడు.

సెమీఫైనల్ ముందు రహీం సాబ్ తీసుకున్న నిర్ణయం వింటే మన టీ అంగడి బెంచీ విరిగిపోయేది. తలకు కుట్లున్న డిఫెండర్‌ను వెనక ఆడించడం ప్రమాదం. అయితే ఏం చెయ్యాలి? పక్కన కూర్చోబెట్టాలి. ఎవరైనా అదే చేస్తారు. ఆయన అతణ్ని తీసుకెళ్లి ముందు వరుసలో, సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు! చదువుకునే రోజుల్లో జర్నైల్ ముందు వరుసలో ఆడేవాడన్న సంగతి ఆయన గుర్తుపెట్టుకున్నారు. దక్షిణ వియత్నాంతో జరిగిన ఆ సెమీఫైనల్ 3-2తో గెలిచాం. అందులో ఒక గోల్ జర్నైల్‌ది.

సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ అదే దక్షిణ కొరియా. స్టేడియంలో దాదాపు లక్ష మంది, వాళ్లలో ఎక్కువమంది మనకు వ్యతిరేకం. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేసియా రానివ్వకపోవడాన్ని మన క్రీడాధికారి గురుదత్ సోంధీ తప్పుపట్టడంతో అక్కడి జనం మండిపడుతున్నారు. అలాంటి చోట, బాగా ఆడుతున్న బర్మన్‌ను పక్కన పెట్టి, జ్వరం నుంచి అప్పుడే లేచిన తంగరాజ్‌ను గోల్‌లో నిలబెట్టారు రహీం సాబ్. గాల్లో వచ్చే బంతులకు తంగరాజ్ ఎత్తు కావాలి. ఆ జనం హోరుకు అతని అనుభవం కావాలి. ఆయన లెక్క అది. జర్నైల్ మళ్లీ ముందు వరుసలోనే.

17వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్. 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్. కొరియా ఒక్కటి తిరిగి కొట్టింది, అదీ ఆట ముగియబోతుండగా. 2-1. స్వర్ణం మనదే. బలరాం, హైదరాబాద్‌కే చెందిన యూసుఫ్ ఖాన్ ఆ పదకొండు మందిలో ఉన్నారు. కెప్టెన్ చునీ గోస్వామి.

గెలిచారు కాబట్టి ఇవాళ దాన్ని తెలివి అంటున్నాం. జర్నైల్ తలకు మళ్లీ దెబ్బ తగిలి ఉంటే? తంగరాజ్ చేతిలోంచి బంతి జారి ఉంటే? అదే నిర్ణయాన్ని పిచ్చి అనేవాళ్లం. ఫలితం తెలియక ముందే నిర్ణయం తీసుకోవాలి. ఫలితం తెలిశాక బెంచీ మీద కూర్చుని మాట్లాడటం మనందరికీ వచ్చు.

ఇంకో సంగతి. అప్పటికే రహీం సాబ్ ఊపిరితిత్తులను క్యాన్సర్ తినేస్తోంది. సిగరెట్ మీద సిగరెట్ కాల్చే అలవాటు ఆయనది. అన్నీ ముందుగా చూడగలిగిన మనిషి తన ఒంటి విషయంలో దాన్ని చూడలేదు, చూసినా మానలేదు. ఇది కూడా ఆయన జీవితంలో భాగమే, దాచిపెట్టడం దేనికి? ఫైనల్ ముందు రోజు రాత్రి ఆటగాళ్లను పిలిచి, రేపటి స్వర్ణాన్ని తనకు కానుకగా ఇమ్మని అడిగారని చెబుతారు. కానుక అందింది. తొమ్మిది నెలలు తిరిగాక, 1963 జూన్ 11న ఆయన వెళ్లిపోయారు. అప్పటికి ఆయన వయసు 53.

ఆ తర్వాత ఇవాళ్టి దాకా భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడల్లో మళ్లీ స్వర్ణం గెలవలేదు. 1960 తర్వాత ఒలింపిక్స్‌లో ఆడనే లేదు. 2024లో అజయ్ దేవగణ్ నటించిన మైదాన్ సినిమా వచ్చేదాకా, ఆయన తిరిగిన ఊళ్లోనే చాలామంది పిల్లలకు ఆయన పేరు తెలియదు.

ఇప్పుడు మీ సంగతి

అమెరికా డ్రాఫ్ట్ గురించి మొదట్లో చెప్పుకున్నాం కదా. 2000లో అక్కడ టామ్ బ్రాడీ అనే కుర్రాడి పేరు పిలిచేసరికి అతనికంటే ముందు 198 మందిని తీసేసుకున్నారు. తర్వాత అతను ఏడుసార్లు చాంపియన్ జట్టులో ఉన్నాడు. మొదటి రౌండులో పిలవనంత మాత్రాన మీ పని అయిపోయినట్టు కాదు. అలాగని మొదట పిలిచినంత మాత్రాన గెలిచినట్టూ కాదు.

మీరు రేపు ఏదైనా సెలక్షన్‌కు వెళ్తుంటే రహీం సాబ్ కళ్లతో మిమ్మల్ని మీరు ఒకసారి చూసుకోండి. మీ బలమైన కాలు ఏదో మీకు తెలుసు. రెండో కాలి సంగతేంటి? ఆటలోనే కాదు, చదువులోనూ అంతే. లెక్కలు వచ్చినవాడికి నాలుగు వాక్యాలు రాయడం, రాయడం వచ్చినవాడికి నాలుగు లెక్కలు రావాలి. ఎదుటివాళ్లకు ఎక్కడ ఖాళీ ఉందో కనుక్కోండి. పదిమంది ఫార్వర్డ్‌లు నిలబడ్డ వరుసలో మీరు పదకొండోవారు కావడం కంటే, ఎవరూ నిలబడని చోటుకు సిద్ధం కావడం మేలు.

ఆడటమే కాదు, ఎంచే వైపు కూడా ఉద్యోగాలున్నాయి. డిగ్రీ తర్వాత బీపీఈడీ చేస్తే బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయులు కావచ్చు. రహీం సాబ్ మొదలుపెట్టింది అక్కడే. పాటియాలాలో 1961లో మొదలైన జాతీయ క్రీడా సంస్థ ఎన్‌ఐఎస్ కోచింగ్‌లో డిప్లొమా ఇస్తుంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఫుట్‌బాల్ కోచ్‌లకు మెట్టు మెట్టుగా లైసెన్స్ కోర్సులు నడుపుతోంది. రిఫరీ పరీక్షలూ ఉన్నాయి. హకీం నడిచింది ఆ దారే. నోటిఫికేషన్లు, అర్హతలు మారుతుంటాయి కాబట్టి ఆయా సంస్థల వెబ్‌సైట్లలో చూసుకుని దరఖాస్తు చెయ్యండి.

ఇక మీరు ఆ టీ అంగడి దగ్గరికి మళ్లీ వెళ్తారు, మళ్లీ వాదిస్తారు. వాదించండి. కాకపోతే ఈసారి మీ వీధిలో చూడండి. కూలికి పోయి వచ్చి, చీకటి పడేదాకా వట్టి కాళ్లతో బంతి తన్నే పిల్లోడు ఒకడు ఉంటాడు. రేపు కర్నూలులో సెలక్షన్ ఉందని వాడికి ఎవరూ చెప్పి ఉండరు. చెప్పండి. బస్సు ఛార్జీ లేకపోతే ఆ నలుగురూ తలా ఇంత వేసుకోండి. అది మీ మొదటి రౌండ్ ఎంపిక అవుతుంది.